ముహూర్తానికి పెట్టిన తాళం

మహేష్ ముందు రెండు తాళాలున్నాయి. ఒకటి వాళ్ళక్క కృష్ణకుమారిని దాచిన ఆశ్రయం వాళ్ళది. రెండోది ముక్కూమొహం తెలియని ఎవరిదో. ఆ ఎవరో, తాళాలు తయారుచేసే ప్రోగ్రాం (లైబ్రరీ అంటారు) పేజీలోకి వచ్చి, "రెండు మిషన్ల మీద పెడితే రెండింటికీ ఒకటే తాళం వస్తోంది, ఇది నా ఒక్కడికేనా?" అని అడిగి, తన తాళాన్ని కింద అతికించాడు. మహేష్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వెంట్రుకంత తేడా లేదు. పోయిన వారం అతన్ని అక్కడ వదిలిపెట్టాం.

కృష్ణకుమారి మొగుడు సైదులు. ఫైనాన్సు బండ్లను గుంజుకొచ్చే సీజింగ్ పని వాడిది. ఏ బండి ఏ సందులో దాచినా, ఏ మనిషి ఎవరింట్లో తలదాచుకున్నా వెతికి పట్టడమే వాడి బతుకు. నిరుడు ఎండాకాలం ఆమెను మేడ మీంచి తోశాడు. మనిషి బతికింది. నడుము సగమే బతికింది. కేసు కోర్టుకొచ్చింది. సాక్ష్యం చెప్పేదాకా ఆమె కనపడకూడదని విజయశ్రీ నడిపే ఆశ్రయంలో చేర్చారు. ఆశ్రయమంటే ఒక ఇల్లు కాదు. అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు. ఎవరు ఏ ఇంట్లో ఉన్నదీ తమ్ముడికీ చెప్పరు, కన్నతల్లికీ చెప్పరు. ఎవరిని ఎక్కడికి మార్చాలన్నా విజయశ్రీ ఫోను నుంచి సీలు వేసిన మెసేజీగా పోతుంది. ఆ సీలు వేసే లైబ్రరీ రాసినవాళ్ళలో మహేష్ ఒకడు. "రేపొచ్చే క్వాంటం కంప్యూటర్లు గూడ తియ్యలేని తాళం మేడం, నా చేతులతోని చేసిన" అని తనే చెప్పి, తనే పెట్టించాడు.

ఇప్పుడతను ఎల్బీనగర్ ఆఫీసు మెట్లెక్కుతున్నాడు.

కింద టిఫిన్ సెంటర్. నూనె మరిగిన వాసన మొదటి అంతస్తు దాకా వచ్చి అక్కడ ఆగుతుంది. రెండో అంతస్తులో అగరొత్తుల వాసన. మధ్యలో ఏ వాసనా లేని మెట్లు నాలుగైదు ఉంటాయి. రోజూ అక్కడ ఊపిరి పీల్చుకునే మహేష్ ఇవాళ ఆ సంగతి మరిచాడు. రింగురోడ్డు దగ్గర బస్సువాళ్ళు "నల్గొండ, నల్గొండ, సూర్యాపేట" అని గొంతు చించుకుంటున్నారు.

లోపల ముగ్గురున్నారు. కంపెనీ నడిపే ప్రసన్నకుమార్ లాప్‌టాప్ ముందు కూర్చుని టైపు చేస్తున్నాడు. అతని వెనక మృదుల నిలబడి ఉంది. లైబ్రరీ సగం ఆమె రాసిందే. కళ్ళు ఉబ్బి ఉన్నాయి గానీ ఏడ్చిన మనిషిలా లేదు, నిద్రపోని మనిషిలా ఉంది. ప్రసన్నకుమార్ తండ్రి శ్రీరామమూర్తి మూల అలమారలో దేవుడి పటాలకు పూలు సర్దుతున్నాడు. భీమవరం నుంచి కొడుకు దగ్గరకొచ్చి చాలాకాలమైంది. ఆఫీసులో ఆయనకు ఉద్యోగం లేదు. కానీ ఆయన మాట లేకుండా ఆఫీసులో ఏ పనీ మొదలుకాదు.

"కూర్చో మహేష్," అన్నాడు ప్రసన్నకుమార్ తలెత్తకుండా. "ఆ ప్రశ్న మేమూ చూశాం. తప్పు మనదే."

మహేష్ కూర్చోలేదు. దారి పొడుగునా కూడగట్టుకొచ్చిన మాటలు నోట్లోనే ఉండిపోయాయి. తప్పును కప్పిపెడతారనుకున్నాడు. అరవాలనుకున్నాడు. ఒప్పుకుంటున్న మనిషి మీద ఎట్లా అరవాలో అతనికి తెలియలేదు.

"ఇదిగో, చదువు." లాప్‌టాప్ ఇటు తిప్పాడు. "మా దగ్గర్నుంచి విడుదలరోజు దించుకున్న కాపీలో లోపం ఉంది. తాళాలు అందరికీ ఒకటే వస్తున్నాయి. ఆ కాపీతో పంపినవన్నీ బయటపడ్డట్టే అనుకోండి, అని రాశాను. లోపం ఎక్కడుందో కూడా కింద రాశాను. దాపరికం లేదు."

"ఎప్పుడు పెడ్తరు సార్ ఇది?"

"ఇప్పుడే. అక్షరదోషాలు చూసుకోగానే."

"పెట్టకుండ్రి."

మృదుల తలెత్తి చూసింది. దేవుడి పటాల దగ్గర పూలు ఆగాయి.

"ఏమన్నావ్?"

"పెట్టకుండ్రి సార్. మీ కాళ్ళు మొక్కుతా."

"అదేంటయ్యా," అన్నాడు ప్రసన్నకుమార్. "రాత్రంతా నాకు ఫోన్ చేసి దాచొద్దు సార్, దాచొద్దు సార్ అన్నది నువ్వే కదా?"

"రాత్రి నాకు తాళం పోయిందనే తెల్సు. తాళంచెవి యాడ దొరుకుతదో లోకమంతటికీ మీరే చెప్తరని తెల్వది."

శ్రీరామమూర్తి చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. "ఒరేయ్, మీరు ముగ్గురూ ఒక భాష మాట్లాడుకుంటున్నారు. అసలేం పోయింది? నాకు అర్థమయ్యేట్టు ఒక్కళ్ళు చెప్పండి."

మహేష్ చెప్పాడు. చెప్పాలని కాదు. చెబుతున్నంతసేపైనా ప్రసన్నకుమార్ వేలు ఆ బటన్ మీదకి పోదని.

"మా చిట్యాల దిక్కు బత్తాయి తోటలుంటయి పెద్దసార్. చెట్లు వరుసల పెడ్తరు. ఇటు జూసినా వరుసనే, అటు జూసినా వరుసనే, అడ్డం జూసినా వరుసనే. చెట్టు మొదట్ల నిలవడకుండ, జర పక్కకు జరిగి నిలవడ్డ అనుకోండ్రి. నేను ఏ చెట్టు కింద ఉన్ననో చెప్పుమంటే?"

"దగ్గర్లో ఉన్న చెట్టే కదా. చెప్పొచ్చు."

"తోటల రెండే దిక్కులుంటయి గనక చెప్పొచ్చు. వందల దిక్కులున్న తోట అనుకోండ్రి. అట్లాంటిది మన బుర్రకు అందది. కంప్యూటర్‌కు గూడ అందది. దగ్గరి చెట్టేదో ఎతకనీకే దాని జన్మ సాలది. మేం చేసిన తాళం అసొంటిది. చెట్టు మన రహస్యం. పక్కకు జరిగిన ఆ జరంత జాగ, అది మేం కావాలని కలిపే తప్పు. ఆ తప్పుల్నే ఉన్నది బలమంత."

"తప్పులో బలమా!" ముసలాయన కుర్చీ దగ్గరకి జరుపుకున్నాడు. "బావుంది. మరి?"

"ఆ తప్పు ప్రతిసారీ కొత్తగ పడాలె. ఎటువడ్తదో ఎవనికీ తెల్వకుండ పడాలె. విడుదలైన కాపీల అది కొత్తగ పడలే. ఎవరు పెట్టుకున్నా ఒక్కటే దిక్కుకు, ఒక్కటే అడుగు జరిగింది. ఆ అడుగు తెలిసినోడు నిమ్మళంగ నడుచుకుంట చెట్టు కాడికొస్తడు."

"అలా ఎందుకు పడింది?"

ఆ ప్రశ్న మహేష్‌దీ. అతను మృదుల వైపు చూశాడు.

మృదుల కిటికీ వైపు చూసి చెప్పింది. "పెట్టింది టెస్టు కాపీ గనక. లెక్కలు సరిగ్గా వస్తున్నాయా లేదా చూసుకోవాలంటే జవాబు ప్రతిసారీ ఒకటే రావాలి. అందుకని టెస్టు కాపీలో తప్పుని కట్టేసి ఉంచుతాం. ఏ సంఖ్యతో కట్టేస్తామో అందరికీ తెలుసు, ఈ తాళం పద్ధతి కనిపెట్టినవాళ్ళే దాన్ని అచ్చువేసి ఇచ్చారు, ఎవరి జవాబులు వాళ్ళు సరిచూసుకోడానికి. అది ఆఫీసు దాటి బయటికి పోకూడదు."

"ఎట్ల పోయింది మరి?"

మృదుల ఈసారి సూటిగా శ్రీరామమూర్తినే చూసింది.

"శుక్రవారం గుర్తుందా అంకుల్? అసలు కాపీ ఇంకా పరీక్షల్లో ఉంది. అయిపోలేదు, ఆగమన్నాను. వర్జ్యం వచ్చేస్తోందన్నారు. ఈ ముహూర్తం పోతే మళ్ళీ శ్రావణం దాకా లేదన్నారు. చేతిలో టెస్టు కాపీ ఒక్కటే సిద్ధంగా ఉంది. ప్రస్తుతానికి అది పెట్టమ్మా, తర్వాత మార్చుకోవచ్చు, పాలు పొంగించడానికి తలుపులు బిగించి ఉండక్కర్లేదు అన్నారు. మీరు కొబ్బరికాయ కొట్టారు. నేను బటన్ నొక్కాను."

ముసలాయన మూలనున్న పటాల వైపు తిరిగాడు.

నిజానికి అందులో వింతేం లేదు. కిటికీలకు రెక్కలు లేని ఇంట్లో, సిమెంటు బస్తాల మధ్య పొయ్యి పెట్టి పాలు పొంగించి, పంతుల్ని పంపించేసి, మర్నాటి నుంచి మళ్ళీ తాపీ పని మొదలుపెట్టిన ఇళ్ళు ఎల్బీనగర్ నుంచి బడంగ్‌పేట్ దాకా ప్రతి సందులోనూ ఉన్నాయి. ముహూర్తం ఇంటిది. తలుపులు దొంగవి. రెండింటికీ పొత్తు లేదనుకుంటాం.

"మార్చలేదా తర్వాత?" అన్నాడు శ్రీరామమూర్తి. గొంతు తగ్గింది.

"మార్చాను. భోజనాలయ్యాక అసలుది పెట్టాను. వెర్షన్ నంబరు మారుస్తానంటే మీరే వద్దన్నారు. ముహూర్తం జరిగిన నంబరు అది, దాన్ని కదపొద్దన్నారు. డబ్బా మీద పేరు అదే, లోపల మందు వేరే. నంబరు మారలేదు గనక కొత్తది వచ్చిందని ఏ ఫోనూ అనుకోదు. ముందు దించుకున్నవాళ్ళ దగ్గర పాతదే ఉండిపోయింది."

మహేష్ గోడకు చేరగిలబడ్డాడు. అతనికి శుక్రవారం మొత్తం కళ్ళ ముందుకు వచ్చింది. కొబ్బరికాయ పగిలిన చప్పుడు. నేల మీద నీళ్ళు. శ్రీరామమూర్తి చేతిలో బెల్లంముక్క. "బోణీ ఎవరు చేస్తార్రా? మంచి పని కోసం చెయ్యండి. ఆడకూతురి పని అయితే మరీ మంచిది." అంతా అతని వైపే చూశారు. అతను మురిసిపోయాడు. అక్కడే నిలబడి, అప్పుడే ఆ కాపీ దించి, నోట్లో బెల్లం కరుగుతుండగా విజయశ్రీ ఫోనుకు పంపించాడు. ఆమెది, ఆమె కింద ఇళ్ళు చూసుకునేవాళ్ళవి, తనది, అన్ని ఫోన్లలోకీ అదే పోయింది.

ఎవరూ అడక్కుండానే మృదుల ఆ సంగతి కూడా చెప్పింది. "నువ్వు ఒక్క పూట ఆగి ఉంటే నీకు మంచిదే అందేది మహేష్."

"ఆగనిచ్చిన్రా?" అన్నాడు అతను. మెల్లగానే అన్నాడు.

ప్రసన్నకుమార్ కుర్చీ వెనక్కి జరిపాడు. "సరే. అయిపోయింది. ఇప్పుడు చెయ్యాల్సింది చూద్దాం. ఆ పూట దించుకున్నవాళ్ళు ఎవరో మనకు తెలియదు. తలుపు తీసి పెట్టాం, వచ్చినవాళ్ళు తీసుకుపోయారు. ఆస్పత్రులుండొచ్చు, వకీళ్ళుండొచ్చు. వాళ్ళకి చెప్పాలంటే అందరికీ వినపడేట్టు చెప్పడమొక్కటే దారి."

"చెప్పుండ్రి. అక్కను ఆ ఇంట్ల నుంచి తీసినంక చెప్పుండ్రి."

"కొత్త తాళం ఇచ్చెయ్. నేను ఇప్పుడే—"

"కొత్తది కొత్త మెసేజీలకు సార్. పాతయి? అక్క ఉన్న ఇంటి జాడ పాతదాంట్ల ఉన్నది. ఆ మెసేజీలు గాలిల పోయినయే గద. సైదులుగాడు ఆశ్రయపు నెట్టు మీద మనుషుల్ని పెట్టి, తియ్యరాకపోయినా అన్నీ జమచేసి పెట్టుకున్నడని పోలీసోళ్ళే చెప్పిన్రు. ఇయ్యాల ఎత్తిపెట్టుకుంటరు, రేపు క్వాంటం మిషనొచ్చినంక తీస్తరు, అందుకే ఈ తాళం అని మీరే గద అందరికీ చెప్పింది. మిషన్ అక్కర్లేదురా, ఇగో గీ సంఖ్య ఏసుకో అని ఇప్పుడు మీరు రాస్తున్నరు."

"ప్రశ్న ఇప్పటికే పేజీలో ఉంది మహేష్. చూసినవాడు చూసే ఉంటాడు. మనం నోరు మూసుకుని కూర్చున్న ప్రతి నిమిషం వాడికే కలిసొస్తుంది. నీకు ఒక అక్క. ఆ పూట దించుకున్నవాళ్ళకి ఎందరు అక్కలున్నారో! వాళ్ళకేం చెప్తావ్?"

ఆ మాట సరైనదని అతనికి తెలుసు. సరైన మాట మనిషిని ఇట్లా గోడకు నొక్కుతుందని మాత్రం ఇదివరకు తెలియదు.

ప్రసన్నకుమార్ లాప్‌టాప్ మీదకి వంగాడు. మహేష్ రెండంగల్లో వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టాడు. చెయ్యి కీబోర్డు నిండా పరుచుకుంది. తెర మీద ప్రకటన చివర అర్థంలేని అక్షరాలు వరసగా పడసాగాయి.

"చెయ్యి తియ్."

"తియ్య."

"మహేష్!"

"దవాఖానల మూడ్నెల్లు పండుకున్నది సార్. మూత్రానికి గూడ నేనే లేపిన. ఎన్నడు ఏడ్వలే. ఒక్కటే అన్నది, తమ్మీ, వాడు నన్ను చంపుతడని కాదు, ఎతుకుతడు సూడు, ఆ ఎతుకుడుకు భయమైతదన్నది. శుక్రవారం మేడం ఫోన్ల కలిపితే, ఎవడూ తియ్యలేని తాళమేసిన అక్కా, పండుకో అని చెప్పిన. ఆ రాత్రి పండుకున్నదంట. అంతకుముందు పండుకోలే." అతను చెయ్యి ఎత్తలేదు. "నాకు ఇనాము ఒద్దు, నౌకరి ఒద్దు. ఒక్క పూట ఇయ్యుండ్రి."

మృదుల ముందుకొచ్చింది. ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోలేక ఇద్దరికీ మధ్యలో ఆగింది.

"నేనైతే ఇవ్వను," అంది. ఆమె కళ్ళలో నీళ్ళు ఇప్పుడొచ్చాయి. "నన్ను తిట్టుకో. ఆ ప్రశ్న అడిగినవాడికి ఇంతవరకు ఒక్కరూ జవాబివ్వలేదు. వాడి ఇంట్లో ఏముందో!"

అప్పుడు శ్రీరామమూర్తి లేచాడు. మోకాళ్ళ మీద చేతులాన్చి, నిదానంగా.

"ప్రసన్నా. భోజనాల వేళ దాకా ఆగు."

"ఇదీ ముహూర్తమేనా నాన్నగారూ?"

ముసలాయన మొహం మాడిపోయింది. కానీ ఆయన కొడుకు మీద నుంచి చూపు తిప్పుకోలేదు.

"కాదురా. దీనికి పంచాంగం చూళ్ళేదు. ఆ కుర్రాడి చెయ్యి చూశాను."

ప్రసన్నకుమార్ మహేష్ చేతిని మెల్లగా పక్కకు తీశాడు. తర్వాత ఆ చెత్త అక్షరాలన్నీ ఒక్కొక్కటే చెరిపాడు. "భోజనాల దాకా. ఆ తర్వాత నువ్వు లాప్‌టాప్ మీద పడుకున్నా పెట్టేస్తాను. పరిగెత్తు."

మహేష్ పరిగెత్తాడు.

విజయశ్రీకి మెసేజీ పెట్టే వీల్లేదు. పెట్టాలంటే ఆ తాళంతోనే పెట్టాలి. మామూలు ఫోను ఆమె ఎత్తదు, రాత్రి అతను చేసినప్పుడూ ఎత్తలేదు. ఎవరి ఫోను లాక్కుని ఏ మొగుడు చేస్తాడో ఆమెకే ఎరుక. అయినా మెట్లు దిగుతూ చేశాడు, రోడ్డు దాటుతూ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. ఇక దిల్‌సుఖ్‌నగర్ పోవాల్సిందే. అక్కడ కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మేడ మీద ఆమె పగలంతా కుట్టుమిషన్లు నేర్పుతూ ఉంటుంది.

మెట్రో ఎక్కాడు. నిలబడ్డవాళ్ళలో ప్రతివాడి వీపూ సైదులు వీపులాగే ఉంది. మెడ వెనక మడత, చేతికి దారం, పొట్టి జుట్టు. ఒకడు వెనక్కి తిరిగాడు. ఎవరో. ఇంకొకడు. ఎవరో. కిటికీ బయట ర్యాంకులొచ్చిన పిల్లల బొమ్మలు గోడల నిండా. అంతా నవ్వుతున్నారు.

చైతన్యపురి దాటుతుండగా ఫోను మోగింది. ఉలిక్కిపడి ఎత్తాడు. అమ్మ. చిట్యాల నుంచి.

"ఏం చేస్తున్నవురా?"

"పనిమీద ఉన్ననే."

"బిడ్డ యాదికొస్తున్నది. పొద్దటి సంది కుడికన్ను అదురుతున్నది. మంచిగున్నదా?"

"ఉన్నది."

"నీకెట్ల ఎరుక? చూసినవా?"

"సూడనియ్యరు గదనే అమ్మా."

"మరెట్ల ఉన్నదంటివి?"

అతను జవాబు చెప్పేలోపే తల్లి అండాలమ్మ తనే సర్దుకుంది. "సర్లే. తాళం మంచిదేసిన అంటివి గద. నేనే ఒట్టిగ పరేషానైతున్న. అన్నం తిను." పెట్టేసింది. అబద్ధం చెప్పాల్సిన పని తప్పింది. అంతకు మించి ఏ మేలూ జరగలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి, పూలబండ్ల మధ్య నుంచి, నోట్సులు జిరాక్సు తీసే కొట్ల మధ్య నుంచి సందులోకి తిరిగాడు. మేడ మీంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. ఆ చప్పుడు వింటూ రెండేసి మెట్లు ఎక్కాడు. మామూలు చప్పుడు. మామూలు రోజు. ఇంకా ఏమీ కాలేదు.

విజయశ్రీ మెడలో టేపు వేసుకుని, కత్తెరతో జాకెట్టు గుడ్డ కత్తిరిస్తోంది. యాభై దాటిన మనిషి. అతన్ని చూసి కత్తెర ఆపింది. వరండాలోకి రమ్మని కళ్ళతోనే చెప్పింది.

"మేడం." అతనికి రొప్పు ఆగడం లేదు. "తాళం చెడిపోయింది మేడం. మీరు పంపిన పాత మెసేజీలు ఎవరన్న తీసి చదువొచ్చు. అక్కను ఆ ఇంట్ల నుంచి తియ్యాలె. ఇప్పుడే. మిగతోళ్ళను గూడ."

విజయశ్రీ కళ్ళజోడు పైకి తోసుకుంది. భయపడలేదు. కాస్త విసుక్కుంది.

"చెప్పిందే ఎన్నిసార్లు చెప్తవ్ మహేష్? పొద్దున చెప్పినవు గద. మళ్ళ అంత ఉరుక్కుంట రావాల్నా?"

"నేనా?"

"మరెవరు?"

"నేనేం చెప్పిన మేడం?"

ఆమె జాకెట్టులోంచి ఫోను తీసి అతని మొహం ముందు పెట్టింది. పైన అతని పేరు. పక్కన పచ్చ టిక్కు. పంపినవాళ్ళ సంతకం లాంటి ముద్ర సరిపోతే తప్ప అది రాదు. ఆ టిక్కు గీసే ప్రోగ్రాం ముక్క మహేష్ రాసిందే. కింద మాటలు: "తాళం చెడిపోయింది మేడం. అక్క జాడ బయటికి పోయింది. ఫోన్ చెయ్యకుండ్రి, ఎవలన్న ఇంటరు. నేనే బండి పంపుతున్న. ఎక్కియ్యుండ్రి."

అతను ఆ మాటలు చదివాడు. మళ్ళీ చదివాడు. తను రాయబోయేవి, తను రాయనివి. తాళమే కాదు, ముద్ర కూడా ఆ కాపీలోనే పుట్టింది. తాళం ఎట్లా అందరికీ ఒకటో, ముద్రా అట్లాగే అందరికీ ఒకటి. ఆ సంఖ్య తెలిసినవాడు ఎవడైనా మహేషే.

"ఎక్కిచ్చిన్రా?" అన్నాడు.

"ఎక్కియ్యక? నీ ముద్రతోని వచ్చె. ఆ ఇల్లు చూసుకునే పిల్లకు నేనే చెప్పిన. మీ అక్క మొదలు ఒప్పుకోలేదంట. మా తమ్ముడు మాట్లాడకుండ బండి పంపడు అన్నదంట. పిల్ల నాకు కలిపిచ్చింది. నేనే చెప్పిన, చూడు తల్లీ, పచ్చటిక్కు ఉన్నది, మీ తమ్ముడు చేసిన ముద్రనే గద ఇది అని." విజయశ్రీ మాట మెల్లమెల్లగా నెమ్మదించింది. మహేష్ మొహంలో ఆమెకేదో కనపడసాగింది. "నవ్విందంట. నడుము పట్టుకొని ఎక్కిందంట. ఏమైంది మహేష్?"

"నేను బండి పంపలే మేడం."

లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఎవరో తలుపు దగ్గర నిలబడ్డారు.

విజయశ్రీ చేతిలో ఫోను చిన్నగా మోగింది. ఇద్దరూ తెర వైపు చూశారు. మహేష్ చేతులు రెండూ ఖాళీగా, ఆమె కళ్ళ ముందే ఉన్నాయి. అతని ఫోను జేబులో ఉంది. తెర మీద అతని పేరు, పచ్చ టిక్కు.

"అక్క మంచిగ ఇంటికి ముట్టింది మేడం. ఇంగ మిగతోళ్ళను గూడ పంపుండ్రి. బండి మళ్ళ ఆ ఇంటి ముందరే ఆగి ఉన్నది."

"ఆ ఇల్లు యాడ మేడం?" మహేష్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "బండి ఇంక ఆన్నే ఉన్నదంటుండ్రు. పట్టుకోవచ్చు. అక్క యాడికి పోయిందో ఆ బండోన్నే అడగొచ్చు. యాడ? మన్సూరాబాదా? పెద్ద అంబర్‌పేటా? చెప్పుండ్రి!"

విజయశ్రీ మోచెయ్యి విడిపించుకుంది. ఒకడుగు వెనక్కి వేసింది. ఇన్నేళ్ళలో ఆ ఇళ్ళ జాడ కోసం ఈ వరండాలో నిలబడి ఏడ్చిన తమ్ముళ్ళను, అన్నలను, తండ్రులను ఆమె చాలామందిని చూసింది. వాళ్ళలో కొందరు నిజంగా ఏడ్చారు. కొందరిని కింద సందులో మొగుళ్ళు నిలబెట్టి పంపారు. ఆమె ఫోనును రొమ్ముకు అదుముకుంది. రెండో చేతిలో కత్తెర ఉన్న సంగతి ఆమెకే తెలియదు.

"తాళం నువ్వే తెచ్చినవు. ముద్ర నీదే అన్నవు. పొద్దటి మాట నీ పేరు మీదనే, ఇప్పటి మాట నీ పేరు మీదనే," అంది. "ఇన్ని దినాలు నువ్వు అడగనిది ఒక్క ఇంటి జాడనే మహేష్. అది గూడ ఇప్పుడు అడుగుతున్నవు. చెప్తే నువ్వు పోయేది మీ అక్క దిక్కా, ఆ బండి దిక్కా?"